వట్టికాళ్ల మొక్కు

పెనం మీద రొట్టె పొంగుతుండగానే అమృతమ్మ వాకిలి వైపు చెవి పెట్టింది. కొత్తూరు బస్సు దిగి నడిచి వచ్చే బుచ్చయ్య దగ్గు రోజూ ఆయన కంటే ముందే ఇంటికి చేరుతుంది. దగ్గు వినబడగానే ఆమె పొయ్యి మంట తగ్గించి, కొడుకు డబ్బా మూత గబగబా బిగించింది. తండ్రి లోపలికి వచ్చేలోగా కొడుకు బయటపడితే ఆ పొద్దు సులువుగా గడిచినట్టే. ఇవాళ అలా కుదరలేదు. కొండల్ ఇంకా అద్దం ముందు నిలబడి తల దువ్వుకుంటున్నాడు.

బుచ్చయ్య కొత్తూరులో ఒక గోదాము దగ్గర రాత్రి కాపలా. కొండల్ విమానాశ్రయం దగ్గర క్యాబ్ నడుపుతాడు. ఒకరు వచ్చే వేళకు ఒకరు పోతారు. మధ్యలో ఇద్దరూ ఒకే కప్పు కింద ఉండే ఆ కాసేపే అమృతమ్మకు అసలైన డ్యూటీ.

"బండి దర్వాజకు అడ్డం వెట్టిండు. మనిషి లోపలికి ఎట్ల రావాలె? అడుగు నీ కొడుకును," అన్నాడు బుచ్చయ్య, చేతిలో ఉన్న టార్చిలైటును మేకుకు తగిలిస్తూ.

కొండల్ చేయి చాస్తే తగిలేంత దూరంలో ఉన్నాడు. చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా అతను తండ్రి వైపు తిరగలేదు. అద్దంలోంచి తల్లిని చూశాడు.

"బండి అడ్డం ఉన్నదంట బిడ్డా," అంది అమృతమ్మ.

"పోతనే ఉన్న. జర ఓపిక వట్టమను మీ ఆయనను."

"పోతున్నడంట," అంది ఆమె అటు తిరిగి.

ఈ ఇంట్లో మాట నేరుగా పోదు. పట్నం పోయే బస్సు ఆరాంఘర్ మీదుగా పోయినట్టు, ఏ మాటైనా అమృతమ్మ మీదుగానే పోవాలి.

ఇంతలో ఇంటి మీదుగా విమానం దిగింది. ముగ్గురూ ఆగారు. ఈ చుట్టుపక్కల ఊళ్లలో అందరికీ అది అలవాటే. విమానం వస్తే మాటను నోట్లోనే ఆపుకుంటారు, అది పోయాక ఆపిన చోటి నుంచే అందుకుంటారు. పగవాళ్లయినా అంతే, మొగుడూ పెళ్లాలైనా అంతే.

"ఆదివారం మంఖాల్ పోవాలె," అంది అమృతమ్మ శబ్దం తగ్గాక. ఇద్దరికీ వినబడేలా, ఎవరి వైపూ చూడకుండా పొయ్యితో చెప్పింది. "పిల్లనిచ్చేటోళ్లు తండ్రీకొడుకులను ఒక్కతాన కూసుండవెట్టి మాట్లాడుతమన్నరు."

"నన్ను పిలిచినోడు ఉన్నడా? పిలిస్తే చూద్దం," అన్నాడు బుచ్చయ్య.

"పిలువనీకి నేనెవర్ని? ఆయనకు కొడుకు లేడు గద," అన్నాడు కొండల్, డబ్బా తీసుకుని బయటికి నడుస్తూ.

ఈ రెండు మాటలను ఆమె ఎటూ మోయలేదు. మోయాల్సిన పని లేకుండా అవి వాటంతట అవే తగలాల్సిన చోట తగిలాయి.

ఇంత పంతం ఎందుకంటే ఎడ్ల వల్ల. ఉన్న పొలం వెంచర్ వాళ్ల చేతికి పోయాక కూడా బుచ్చయ్య తన ఎడ్ల జతను అమ్మలేదు. దున్నడానికి జానెడు నేల లేదు. అయినా పొద్దున్నే వాటిని కడిగి, మేపి, సాయంత్రం వాటి మెడలు నిమురుతూ కూర్చునేవాడు. కారు కొనుక్కుని సొంతంగా నిలబడాలని కొండల్‌కు తొందర. తండ్రి శ్రీశైలం యాత్రకు పోయిన సమయం చూసి ఎడ్లను సంతకు తోలాడు. బుచ్చయ్య గుండు చేయించుకుని, విభూతి పెట్టుకుని, ప్రసాదం మూటతో తిరిగి వచ్చేసరికి కొట్టంలో రెండు గుంజలు మాత్రం ఉన్నాయి. ఆ మూట అక్కడే జారవిడిచి, "ఇయ్యాల్టి సంది నాకు కొడుకు లేడు," అన్నాడు. కొండల్ కూడా తక్కువ తినలేదు. "నాకు బాపు ఎన్నడున్నడు? ఎడ్లకున్నడు," అన్నాడు.

ఆ మాట మీద ఆరేళ్లు గడిచిపోయాయి.

ఆ వారమే అమృతమ్మ తనతో పనికి వచ్చే శివమ్మను తోడు తీసుకుని అమ్మపల్లి రాముడి గుడికి పోయింది. మనసులో మొక్కుకోవడం ఆమెకు చేతకాదు. పక్కన నిలబడ్డ శివమ్మకు వినబడేలా పైకే చెప్పింది. "రామా, ఆ తండ్రీకొడుకులు ఒకలతోటి ఒకలు మాట్లాడేదాక కాళ్లకు చెప్పులు తొడగ," అని చెప్పి, ఉన్న చెప్పులను గుడి బయటే వదిలి ఇంటికి నడిచి వచ్చింది. మొక్కు తీరేదాకా ఎందుకు మొక్కిందో ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. అందుకని బుచ్చయ్య అది ఆమె మోకాళ్ల నొప్పుల కోసం అనుకున్నాడు. మోకాళ్ల నొప్పికి ఉత్తకాళ్లతో నడవడమేం వైద్యమని నవ్వాడు కూడా. కొండల్ మాత్రం తన పెళ్లి కోసం అనుకున్నాడు. రెండేళ్ల కింద శంషాబాద్‌లో ఒక మెత్తటి చెప్పుల జత కొని తెచ్చి, "నీ మొక్కు తీరంగనే తొడుక్కో అమ్మా," అని కవరుతో సహా దేవుడి పటాల కింద మేకుకు వేలాడదీశాడు. ఆమె రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ కవరు తలకు తగులుతుంది.

ఎవరైనా ఎగతాళి చేస్తే ఆమె దగ్గర సమాధానం తయారుగా ఉంటుంది. "రాముడే పద్నాలుగేండ్లు అడివిల తిరిగిండు. నేను ఇంట్ల ఉండి, రొట్టె తినుకుంట ఆగలేనా? ఆయన యాళ్ల ఆయనకు ఉంటది."

కానీ ఆమెకు ఉన్న అసలు బరువు వేరే. అది శివమ్మకు కూడా పూర్తిగా తెలియదు.

రోజూ మధ్యాహ్నం అన్నం వేళకు అమృతమ్మ పని చోటు నుంచి ఇద్దరికీ ఫోన్ చేస్తుంది. ముందు కొడుకుకు, తర్వాత మొగుడికి. బుచ్చయ్య అడిగే మొదటి మాట ఎప్పుడూ ఒకటే: "వాడు తిన్నడా?" తిన్నాడని చెబితేనే లేచి తను అన్నం పెట్టుకుంటాడు. ఆ వెంటనే, "నేనడిగిన్నని వానికి చెప్తివా, నా మీద ఒట్టే," అంటాడు. ఇటు కొండల్ సంగతీ అంతే. "ఆయన బీపీ గోలీలు వేసుకున్నడా? నేనడిగినట్టు చెప్పకు. నా మీద ఒట్టు," అంటాడు. రాత్రి కాపలాలో తండ్రి చీకట్లో తడుముకుంటున్నాడని ఆ టార్చిలైటు కొన్నదీ అతనే. అమృతమ్మ దాన్ని తన కంపెనీ వాళ్లు ఇచ్చారని చెప్పి బుచ్చయ్య చేతిలో పెట్టింది. పట్టపగలు గడ్డి పీకే ఆడవాళ్లకు టార్చిలైట్లు పంచే కంపెనీ ఏదో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒట్టు తప్పితే ఒట్టు పెట్టినవాడికే కీడని ఆమె నమ్మకం. ఆ నమ్మకం ముందు ఏ తర్కమూ పనిచేయదు. ఈటెల్లాంటి మాటలన్నీ ఇద్దరూ ఆమె చేత హాయిగా మోయించారు. మెత్తని మాట ఒక్కటుంటే దానికి మాత్రం తాళం వేశారు. నోరు విప్పితే వాళ్ల ప్రాణాలకు ప్రమాదమని, విప్పకపోతే ఇల్లు ఇలాగే ఉంటుందని ఆమె ఆరేళ్లుగా లోలోపల నలిగింది. తన చేతిలో లేదు కనకే రాముడి చేతిలో పెట్టింది.

వ్యాన్ హారన్ మోగింది. అమృతమ్మ డబ్బా సంచీలో వేసుకుని, బుచ్చయ్య అన్నం మీద మూత సరిచేసి, వట్టికాళ్లతో పరుగులాంటి నడకతో పోయి ఎక్కింది. శివమ్మ పక్కకు జరిగి చోటిచ్చింది.

"ఏందక్కా, చెమటలు గిట్ల కారుతున్నయి? ఇంక ఎండే రాలే."

"పొయ్యి కాడ కూసున్న గద చెల్లె. ఎడమ చెయ్యి గూడ గుంజుతున్నది. నిన్న పాదులు తవ్వితిమి కద, దానికే."

వ్యాన్ పెద్ద రోడ్డు ఎక్కాక అమృతమ్మ అమ్మపల్లి దిక్కుకు తిరిగి రెండు చేతులూ జోడించింది. ఇవాళ రోజూకంటే ఎక్కువసేపు ఉంచింది. "రామా, ఆరేండ్లల ఒక్కపారి గూడ నిన్ను తొందరవెట్టలే. ఈ ఆదివారం లోపల జర చూడు," అంది. వెంటనే నాలుక కరుచుకుంది. దేవుడికి గడువు పెట్టడానికి తనెవరు? "వద్దులే, నీ యాళ్ల నీదే. నేనేదో అన్న, మనసుల వెట్టుకోకు," అని చెంపలు వేసుకుంది. శివమ్మ నవ్వు ఆపుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

విమానాశ్రయానికి పోయే రోడ్డు నడుమ మొక్కలను చూసుకోవడం వాళ్ల పని. ఖర్చు పెట్టి నాటిన గడ్డిలోంచి ఎవరూ నాటని గరికను ఏరి పారెయ్యాలి. కాగితం పూల కొమ్మలు కార్లకు తగలకుండా కత్తిరించాలి. పాదులు తవ్వి నీళ్లు పట్టాలి. అమృతమ్మ ఒకప్పుడు ఇక్కడికి దగ్గర్లోనే జొన్న చేలో కలుపు తీసింది. అప్పుడూ ఇదే గరిక. దీనికి మాత్రం ఎవరూ నష్టపరిహారం ఇచ్చి పంపలేకపోయారని ఆమె నవ్వుతుంది.

పనిలో చేరిన రోజు సూపర్‌వైజర్ గోవర్ధన్ ఆమె కాళ్లు చూసి ఒప్పుకోలేదు. బూట్లు లేకుండా రోడ్డు మీదికి దిగనివ్వనన్నాడు. అమృతమ్మ ఒక పూట ఆలోచించి తీర్పు చెప్పింది. "బూట్లు కంపెనీవి, పని కంపెనీది. పని మీద ఉన్నంతసేపు కాళ్లు గూడ కంపెనీవే అనుకుంట. మిగిలిన పొద్దంత రామునివి." అప్పటి నుంచి మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లలో ఆమె పని చేస్తుంది. అన్నం వేళ కాగానే వాటిని విప్పి, పాదాలు మట్టికి ఆనించి కూర్చుంటుంది. మడమల నిండా పగుళ్లు. కుడి అరికాలిలో ఎప్పుడో విరిగిన తుమ్మముల్లు నల్లటి చుక్కలా లోపలే ఉండిపోయింది.

ఇవాళ ఎండ ముదిరేకొద్దీ గడ్డి పీకే కుర్పీ పట్టిన చేయి ఆమె మాట వినలేదు. మధ్యమధ్యలో ఛాతీ మీద ఎవరో మూట పెట్టినట్టు ఉండి, ఆగి గాలి పీల్చుకుంది. గోవర్ధన్ చూసి దగ్గరికి వచ్చాడు.

"అమృతక్కా, మంచిగలేకుంటే నీడకు పో. దవాఖానకు పంపాల్నా?"

"ఏం లేదు సారూ. గ్యాస్. సోడా తాగితే పోతది."

మధ్యాహ్నం వాళ్లు రోడ్డు పక్కన కానుగ చెట్ల నీడలో కూర్చున్నారు. అమృతమ్మ బూట్లు విప్పి పక్కన పెట్టింది. డబ్బా మూత తీసి, తినబుద్ధి కాక మళ్లీ పెట్టేసింది. రోజూలాగే ముందు కొడుకుకు ఫోన్ చేసింది.

"తిన్నవా బిడ్డా?"

"ఇప్పుడే తిన్న. గోంగూర మంచిగున్నది. అమ్మా, ఆయన గోలీలు వేసుకున్నడా?"

"వేసుకున్నడు."

"నేనడిగిన్నని..."

"తెలుసు తియ్. ఒట్టు." ఆమె ఒక్క క్షణం ఆగింది. "కొండలూ, నీ ఒట్టు తీసెయ్ బిడ్డా. నాకు బరువైతున్నది."

కొండల్ నవ్వాడు. "ఆదివారం పోనీ, చూద్దం. సవారీ వచ్చింది, పెట్టేస్తున్న."

ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. ఇక బుచ్చయ్యకు చేయాలి. వేలు బటన్ మీదికి పోయింది కానీ కళ్లు మూతలు పడుతున్నాయి.

"చెల్లె, జర నడుం వాలుస్త. పని యాళ్లకు లేపు. ముసలాయనకు ఫోన్ చెయ్యాలె, యాది చెయ్యి," అంటూ కొంగు తల కింద పెట్టుకుని పక్కకు ఒరిగింది.

శివమ్మ తన అన్నం తిని, ఇద్దరి డబ్బాలూ కడిగి వచ్చింది. గోవర్ధన్ విజిల్ ఊదాడు. అందరూ లేచారు. అమృతమ్మ లేవలేదు. శివమ్మ భుజం పట్టి ఊపింది, పేరు పెట్టి పిలిచింది, మళ్లీ పిలిచింది. చివరికి ఒళ్లోంచి జారిన ఫోన్ తీసి, అందులో మొదట కనబడ్డ నంబరు నొక్కింది. అది కొండల్‌ది.

అతను దగ్గర్లోనే ఉన్నాడు. సవారీని వేరే బండిలోకి ఎక్కించి, వచ్చి, తల్లిని ఎత్తి వెనక సీటులో పడుకోబెట్టాడు. దవాఖానలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. అన్నం వేళకే ప్రాణం పోయిందని, నొప్పి కూడా పెద్దగా తెలిసి ఉండదని నెమ్మదిగా చెప్పాడు.

కొండల్ బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఏడుపు రాలేదు. చేతిలో తల్లి ఫోన్ ఉంది. తండ్రికి చెప్పాలి. ఎలా చెప్పాలి? ఈ ఇంట్లో తండ్రికి ఏ మాటైనా చేరవేసేది అమ్మ. ఇప్పుడు చేరవేయాల్సింది అమ్మ మాటే. ఆ మాట మోయడానికి అమ్మ లేదు. ఆరేళ్లలో మొదటిసారి అతనికి తమ ఇద్దరి మధ్య ఎంత ఖాళీ ఉందో కనబడింది. దాన్ని ఇన్నాళ్లూ ఆమె ఒక్కతే నింపిందని కూడా అర్థమైంది.

అంతలో ఫోన్ దానంతటదే మోగింది. బుచ్చయ్య.

కొండల్ ఎత్తి చెవికి పెట్టుకున్నాడు.

"ఏందే, ఇయ్యాల ఫోనే చెయ్యకపోతివి," అంటున్నాడు తండ్రి. నిద్ర చాలని గొంతు. "ఎంతసేపు చూడాలె నేను? అన్నం గూడ వెట్టుకోలే. వాడు తిన్నడా?"

దవాఖాన మీదుగా విమానం లేచింది. ఆ చప్పుడు ఫోన్లో అటువైపు కూడా వినబడినట్టుంది. బుచ్చయ్య అలవాటు ప్రకారం ఆగాడు. కొండల్ ఆ చప్పుడు కింద నోటికి చేయి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. అన్నం ముందు పెట్టుకోకుండా తన కోసం కూర్చున్న మనిషితో ఆరేళ్లు మాట్లాడలేదు. చప్పుడు సన్నబడింది.

"ఆఁ, ఇగ చెప్పు," అన్నాడు బుచ్చయ్య, ఆపిన చోటి నుంచే. "తిన్నడా వాడు?"

"తిన్న బాపూ," అన్నాడు కొండల్.

అటువైపు విమానం లేదు, దగ్గు లేదు. తన భార్య ఫోన్లో కొడుకు గొంతు ఎందుకు వచ్చిందో అడగాల్సిన అవసరం ఆయనకు రాలేదు.

"ఏడున్నవ్‌రా?" అన్నాడు చివరికి.

"దవాఖానల. బాపూ, అమ్మ..."

"వస్తున్న. నువ్వు పరేషాన్ గాకు. ఒక్కనివే ఉన్నవా? నేనొస్తున్న కొడకా, ఆడనే ఉండు."

పొద్దు వాలకముందే అమృతమ్మ ఇంటికి వచ్చింది. వాకిట్లో పడుకోబెట్టారు. ఊరు ఊరంతా చేరింది. బుచ్చయ్య ఏడవడం మరిచిపోయినవాడిలా అటూ ఇటూ తిరుగుతున్నాడు. "కొండలూ, నీళ్లు కాగినయా చూడు," అన్నాడు. "చూస్తున్న బాపూ," అన్నాడు కొండల్. "మంఖాలోళ్లకు ఫోన్ చేసినవా?" "చేసిన. బయలెల్లిన్రంట. బాపూ, నువ్వు గోలీ వేసుకో ముందుగాల." ఎవరి మీదుగానూ పోకుండా మాటలు అటూ ఇటూ నడుస్తున్నాయి. అరుగు మీద కూర్చున్న ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

అమృతమ్మ పాదాలకు పసుపు రాస్తున్న శివమ్మ చేయి ఆగిపోయింది. ఆమె ఒక్కసారిగా రాగం ఎత్తుకుంది.

"లే అక్కా లేవే... ఎండకు కాలితివి, ముండ్ల మీద నడిస్తివి... తండ్రి మాట్లాడె కొడుకుతోటి, కొడుకు మాట్లాడె తండ్రితోటి... చెవులార వినవే అక్కా... అమ్మపల్లి రాముడు నీ మొక్కు తీర్చె, ఇగ చెప్పులు తొడుగవే అక్కా..."

నీళ్ల బకెట్ పట్టుకుని వస్తున్న కొండల్ అక్కడే నిలబడిపోయాడు. బుచ్చయ్య శివమ్మ ముందు చతికిలబడ్డాడు.

"ఏందమ్మా నువ్వంటున్నది? మోకాళ్ల నొప్పులకు గదా మొక్కింది?"

"మీ ఇద్దరి నోళ్లకు మొక్కిందే బావా," అంది శివమ్మ. "నేను పక్కనే ఉన్న."

బుచ్చయ్య భార్య పాదాలను రెండు చేతులతో పట్టుకున్నాడు. పసుపు కింద పగుళ్లు వేళ్లకు తగిలాయి. అప్పుడు ఏడ్చాడు. ఎడ్లు పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవలేదు. కొండల్ వచ్చి తండ్రి పక్కన కూర్చుని ఆయన వీపు మీద చేయి వేశాడు. కాసేపటికి బుచ్చయ్య లేచి లోపలికి పోయి, దేవుడి పటాల కింది కవరు విప్పి, చెప్పుల జత తెచ్చాడు. ఆమె కాళ్లకు తొడగబోతే పెద్దమనిషి సత్తయ్య చేయి పట్టుకుని ఆపాడు.

"పాడె మీద చెప్పులు వద్దు బుచ్చన్నా. మంచిది కాదు."

బుచ్చయ్య ఆ చెప్పులతో ఏం చేయాలో తెలియక అటూ ఇటూ చూశాడు. అలవాటు కొద్దీ భార్య వైపు తిరిగాడు. ఆ తర్వాత కొడుకును అడిగాడు.

"ఏం చేద్దంరా?"

"గడప కాడ వెట్టు బాపూ," అన్నాడు కొండల్. "అమ్మవి ఉండే జాగల."

తండ్రీకొడుకులు తమ చెప్పులు గడప దగ్గరే విడిచి, వట్టికాళ్లతో పాడెకు చెరో వైపు భుజం పట్టారు. వాళ్లు ఆమెను సాగనంపి తిరిగి వచ్చేసరికి చీకటి పడుతోంది. గడపలో ఎవరో దీపం పెట్టారు. ఆ వెలుతురులో బుచ్చయ్య అరిగిన తోలు చెప్పులకూ కొండల్ దుమ్ము పట్టిన చెప్పులకూ నడుమ ఆ కొత్త జత ఉంది, అడుగున అంటించిన అంగడి చీటీ ఇంకా ఊడకుండా.